తిప్పన్న అనే పేరు

బ్యాంకులో నాకొక పేరుంది. సుగటూరులో ఆ పేరు చెబితే ఎవరని అడుగుతారు. తిప్పన్న అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా మా ఇల్లు చూపిస్తారు.

చదువుకునే రోజుల్లో ఆ పేరంటే నాకు సిగ్గుగా ఉండేది. తిప్ప అంటే పెంటకుప్ప గదా! ఒకనాడు మా అవ్వను నిలదీశాను.

"నీకు ముందర ఇద్దురు పోయినార్రా. నిన్ను చేటలో పెట్టి తిప్ప మీద పండబెట్టి మళ్లా ఎత్తుకొచ్చినాం. పెంటలో దొరికినోణ్ని యముడు ముట్టడని" అన్నది.

పోయినవాళ్లలో మొదటివాడు ఎనిమిదో నాడు ఒళ్లు బిగుసుకుపోయి కన్నుమూశాడట. తర్వాతిది ఆడపిల్ల. నెలలు నిండకముందే పుట్టి, మూడు దినాలు బతికిందట. పేరు పెట్టే రోజుదాకా కూడా ఉండలేదు. "వాళ్ల ఆయుస్సు అంతే" అని అవ్వ లెక్క ముగించింది.

నేను బి.కాం. చదివినవాణ్ని. ముప్పై ఏళ్లుగా లెక్కలు సరిచూడటమే నా పని. పంట రుణాల పాత దస్త్రాలు తిరగేస్తుంటే ఒక సంగతి కంటబడింది. తాతల తరంలో తిప్పయ్యలు, పెంటమ్మలు, పకీరప్పలు ఎందరో! మనవల ఖాతాల్లో అలాంటి పేరు ఒక్కటీ లేదు. ఆయుస్సు అంతే అయితే, రెండు తరాల్లో అందరికీ ఎట్లా పెరిగింది?

1971లో మన దేశంలో ప్రాణంతో పుట్టిన ప్రతి 1000 మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి అది 28కి దిగింది. అయితే సగటును నేను అంత తేలిగ్గా నమ్మను. ఒక ఖాతాలో లక్ష ఉండి పక్క ఖాతాలో ఏమీ లేకపోయినా సగటు యాభైవేలే! అదే 2020లో కేరళలో 6, మధ్యప్రదేశ్‌లో 43. మన చుట్టుపట్ల చూస్తే తమిళనాడులో 13, కర్ణాటకలో 19, ఆంధ్రప్రదేశ్‌లో 24. నుదుటి రాతే అయితే, అది రాష్ట్రం పొలిమేర దాటగానే మారుతుందా?

మా అన్నకు వచ్చింది ధనుర్వాతమని పెద్దయ్యాక తెలిసింది. కొడవలితో బొడ్డు కోసి బూడిద అద్దారట. గర్భిణికి టీకా, కాన్పులో శుభ్రమైన బ్లేడు ఉంటే చాలావరకు తప్పే చావు అది. పురిటి బిడ్డల ధనుర్వాతం దేశంలోని ప్రతి జిల్లాలో 1000 కాన్పులకు ఒకటికంటే తక్కువకు దిగిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

ఇక పాల సంగతి. మా కొట్టంలో దూడ పుట్టిన గంటలోపే జున్నుపాలు తాగించేవారు. ఇంట్లో బిడ్డకు మాత్రం ముర్రుపాలు పిండి పారబోసి ఆముదం నాకించేవారు. దూడ విషయంలో తెలిసింది బిడ్డ విషయంలో తెలియలేదు.

కేరళలో ఆడపిల్లల చదువు తరాల ముందే మొదలైంది. చదివిన పిల్లకు పెళ్లి ఆలస్యమవుతుంది, కాన్పుకూ కాన్పుకూ ఎడం ఉంటుంది, జబ్బు చేస్తే ఆస్పత్రికి పోదామని ఆమే అంటుంది. ఆ ఆస్పత్రీ దగ్గర్లో ఉండాలి. డబ్బొక్కటే కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి అడవి జిల్లా, పేద జిల్లా. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె ఆడవాళ్లకే తర్ఫీదిచ్చారు. బిడ్డను వెచ్చగా ఉంచడం, పాలు పట్టించడం, చీము జ్వరాలు గుర్తించి మందివ్వడం నేర్పారు. ఆ పల్లెల్లో పురిటి బిడ్డల చావులు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు.

ఈమధ్య మా అమ్మాయికి నెలలు నిండకుండానే కాన్పయింది. బిడ్డ రెండు కిలోలు కూడా లేదు. నా గుండె జారిపోయింది. నర్సమ్మ బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, గుడ్డతో కట్టి, "ఇట్లే ఉంచమ్మా, పాలు తాగిస్తా ఉండు" అన్నది. బిడ్డ నిలబడింది.

మంచం పక్కన కూర్చున్న మా అమ్మ చాలాసేపు ఆ ఇద్దరినీ చూస్తూ ఉండిపోయింది. ఎనభై దాటిన మనిషి. చివరకు నావైపు తిరిగి మెల్లగా అన్నది:

"ఇంతమాత్రమేనా చేయాల్సింది? ఆ పొద్దు నాకు ఎవురూ చెప్పలేదే!"