కంచే చేను మేస్తే

కొలువులో చేరిన కొత్తలో మా పెదనాన్న "ఏం పని చేస్తావురా?" అని అడిగితే, "కాపలా పని పెదనాన్నా" అన్నాను. అది పరిహాసం కాదు. మా వెబ్ అప్లికేషను ప్రవేశద్వారం నా బాధ్యతే. ఎవరు, ఏ వేళకు, ఏ ఐపీ చిరునామా నుండి వచ్చారో, ఎవరు తప్పు సంకేతపదమిచ్చి వెనుదిరిగారో అంతా లాగ్ ఫైలు అనే చిట్టాకెక్కించేవాణ్ణి. దొంగ తలుపు తడితే పట్టించేది ఆ చిట్టాయే.

సంకేతపదాన్ని మాత్రం అందులో రాయరాదన్న ఇంగితం నాకుంది. డేటాబేసులో కూడా దానిని బీక్రిప్ట్ ద్వారా, తిరిగి విప్పరాని రూపంలోకి మార్చి దాచాను. ఐదుసార్లు తప్పితే ఖాతాకు తాళం. ఇక ఢోకా లేదనుకున్నాను.

ఒక రాత్రి ఏదో ఫిర్యాదు వస్తే చిట్టా తిరగేస్తున్నాను. విఫలయత్నాల వరుసలో, వాడుకరి పేరు ఉండవలసిన చోట ఒక ఆడపిల్ల పేరు, దాని పక్కన ఒక సంవత్సరం. కొన్ని క్షణాల తేడాతో, అదే ఐపీ నుండి, మా గుమాస్తాగారి ప్రవేశం సఫలం. నాకు ఒళ్ళు జలదరించింది. తొందరలో ఆయన సంకేతపదాన్ని పేరు గడిలో కొట్టేశారు. నేను దాన్ని భద్రంగా రాసిపెట్టాను. వెతికితే అటువంటివి మరో పదకొండు. ఆ చిట్టాను మా జట్టులో ఎవరైనా చదవవచ్చు.

ఆ రాత్రే సరిచేశాను. ఖాతా ఉన్న పేరైతేనే రాయడం, లేకుంటే "ఎరుగని పేరు" అని వేళను, ఐపీని మాత్రం నమోదు చేయడం. దొంగను పట్టడానికి అది చాలు. పాత చిట్టాలను, వాటి నకళ్ళను చెరిపేశాను.

"సరిచేశావుగా, ఇక చెప్పడమెందుకు?" అన్నారు పైవారు. నాకు మనసొప్పలేదు. పన్నెండుగురికీ స్వయంగా చెప్పాను. గుమాస్తాగారు కాసేపు మౌనంగా ఉండి, "మా అమ్మాయి పేరు మార్చలేను కదండీ, సంకేతపదమే మారుస్తాను" అని నవ్వారు. తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

తరువాత 2018 మే నెలలో ట్విట్టర్, బీక్రిప్ట్ వాడుతూ కూడా, ఆ మార్పు పూర్తి కాకముందే సంకేతపదాలు తన చిట్టాలోకి చేరాయని ప్రకటించింది. 2019లో ఫేస్‌బుక్ కూడా సంకేతపదాలు తన లోపలి వ్యవస్థల్లో ఉన్నవున్నట్టుగా నిలిచిపోయాయని ఒప్పుకుంది. అందుకు 2024లో ఐర్లండ్ 9.1 కోట్ల యూరోల జరిమానా విధించింది. అంతటివారికే తప్పలేదని ఊరట చెందబోయి, సిగ్గుపడి మానుకున్నాను.

మీలో ఇటువంటి కాపలా పని చేసేవారుంటే, ఈ రాత్రి మీ చిట్టా ఒకసారి తిరగేయండి. దొంగ కోసం కాదు, మీరేం రాసిపెట్టారో చూడడానికి.