ఆ సాయిబు పేరేంటి?

నిన్న రాత్రి ఒక కొత్త కథ చదివాను. అందులో సాయిబు గుమ్మంలోకి రాగానే అత్తరు వాసన, కళ్లకు సుర్మా, వచ్చీరాని తెలుగు. ఆయన ఇంట్లో ఆ పూట ఏం కూరో, పిల్లల ఫీజు కట్టాడో లేదో ఎంత వెతికినా కనపడలేదు. మంచివాడిగానే రాశారు. కానీ తాను మంచివాణ్ణని రుజువు చేసుకోవడం తప్ప కథలో ఆయనకు వేరే పనే లేదు. విలన్‌గా రాసినా ఇంత బాధపడేదాన్ని కాదేమో.

మా వీధిలో ఒక దూదేకుల అవ్వ ఉండేది. ముస్లిమే అయినా ఉర్దూ ముక్క రాదు. జుట్టుకు దూది పింజెలు అంటుకుని ఉండగానే పరుపు కుడుతూ, సామెత లేకుండా మాట ముగించేది కాదు. నా తెలుగులో సగం ఆమె పెట్టిన భిక్షే. ఆ అవ్వ మన కథల్లోకి ఎందుకు రాదు?

రాసినవాళ్లు లేక కాదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ కవిత వచ్చింది. 2004లో స్కైబాబ ‘వతన్’ పేరుతో ముస్లిం కథలను ఒకచోట చేర్చారు. ఖదీర్‌బాబు ‘న్యూ బాంబే టైలర్స్’ కథలో దర్జీ దిగులు రెడీమేడ్ బట్టలొచ్చి పని పడిపోయిందని. ఎంత మామూలు దిగులు! ఇన్నేళ్లుగా ఈ రచయితలు తలుపులు తీసే ఉంచారు, మనమే లోపలికి తొంగి చూడలేదు.

పొద్దున్నే ఆ కొత్త కథ రచయితకు మెసేజ్ పెట్టాను: ‘ఆ సాయిబు పేరేంటండీ?’

కథలో అది కూడా లేదు.