సముద్రం లేని చోట నౌకాదళం

మాది వికారాబాదు జిల్లా పూడూరు మండలంలో, దామగుండం అడవి అంచున ఒక చిన్న ఊరు. 2024 అక్టోబరు 15న ఆ అడవిలో నౌకాదళ కేంద్రానికి రక్షణ మంత్రి శంకుస్థాపన చేశారు. 2,900 ఎకరాలట. తర్వాత సెలవులకు ఇంటికి పోతే మా నాయిన అడిగిన మొదటి మాట ఇది: "సముద్రం యాడుంది, దామగుండం యాడుంది? గీ అడివిల ఓడలోళ్ళకు ఏం పని బిడ్డా?"

ఫిజిక్సు చదువుతున్నానన్న మర్యాద నిలుపుకోవాలి కదా! పశువుల కొట్టం ముందు కూర్చుని మొదలుపెట్టాను.

ఊళ్ళో అందరూ దాన్ని రాడార్ అంటున్నారు. అది రాడార్ కాదు, నీళ్ళలో మునిగి ఉన్న జలాంతర్గామికి కబురు పంపే రేడియో కేంద్రం. సైన్యం ఒక్కో పనికి ఒక్కో పౌనఃపున్యం వాడుతుంది. సిపాయి వీపున మోసే సెట్టు సాధారణంగా 30 నుంచి 88 మెగాహెర్ట్జ్‌లలో పనిచేస్తుంది. గుట్ట అడ్డమొస్తే దాని పని కష్టమే. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ తరంగాలు పైనున్న అయనోవరణాన్ని తాకి తిరిగివచ్చి, చాలా దూరం పోతాయి. కానీ సముద్రంలో ఇవేవీ చెల్లవు. ఉప్పునీరు విద్యుద్వాహకం, తరంగాన్ని మింగేస్తుంది. నోటుబుక్కులో లెక్క కట్టి చూశాను. 100 మెగాహెర్ట్జ్ తరంగం రెండున్నర సెంటీమీటర్లు దిగేసరికే దాని బలం నూటికి 37 వంతులకు పడిపోతుంది. అదే 20 కిలోహెర్ట్జ్ అయితే అంత తగ్గడానికి 1.8 మీటర్లు దిగాలి. అందుకే పది, ఇరవై మీటర్ల లోతున కూడా అందుతుంది.

అయితే ఆ తరంగం పొడవు 15 కిలోమీటర్లు! దాన్ని పంపే ఏరియల్‌కు ఎత్తయిన స్తంభాలూ, బోలెడంత నేలా కావాలి. సముద్రపు ఒడ్డు మాత్రం అక్కర్లేదు. భూమికీ అయనోవరణానికీ నడుమ అది వేల కిలోమీటర్లు పోతుంది. ఇలాంటిదే తమిళనాడులో, తిరునెల్వేలి ప్రాంతంలో ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ 1990లో మొదలైంది.

నాయిన ఓపిగ్గా విన్నాడు. "దాంట్ల మాట్లాడుతరా?"

"లేదు నాయినా, గొంతు పోదు. సంకేతాల్లో చిన్న చిన్న కబుర్లే, అవీ నిదానంగా."

నిజం చెప్పాలంటే నాకు రెండు మనసులు. నీళ్ళ అడుగున నెలల తరబడి ఉండే నావికులకు కబురు అందాలి. మా మందకు మేత అడవి అంచునే. కంచె ఎంతవరకు వస్తుందో, పశువులను ఎటు తోలాలో అన్నది మా ఇంటి దిగులు. దీనికి ఏ లెక్కా కట్టలేకపోయాను.

"మరి లోపలున్నోళ్ళు జవాబియ్యరా?"

"ఆ దారిన ఇయ్యలేరు. అంత ఏరియల్ జలాంతర్గామి మీద పట్టదు. వినుడే."

"మన లెక్కనే అన్నట్టు," అని నాయిన బర్రెలకు కుడితి పెట్టడానికి లేచాడు.