బోటు ఇంజను - నీళ్ల ఇంజను

నా నోటు పుస్తకం చివరి పేజీలో ఒక బోటు ఇంజను వుంది. బొమ్మ కాదు, నాలుగు అంకెలు. ఆ నాలుగూ కుదరడానికి నాకు ఏడేళ్లు పట్టింది, మా చేలో ఒక ఎకరం వరి తాలు పోయింది. "బోటే లేదు గదా, నీకు ఇంజనెందుకురా?" అని హాస్టల్లో మిత్రులు నవ్వుతుంటారు. వాళ్లకోసమే ఈ నాలుగు మాటలు.

2018 నవంబరు 16 నుంచి 18 వరకు విజయవాడ దగ్గర కృష్ణలో ఫార్ములా వన్ పవర్ బోట్ల పందెం జరిగింది. అప్పుడు నేను ఏడో తరగతి. నాన్న నన్ను తీసుకెళ్లాడు. జనం భుజాల సందుల్లోంచి చూశాను. బోటు నీళ్లమీద పోతున్నట్టు లేదు, నీళ్లను అంటీ అంటకుండా ఎగురుతున్నట్టుంది. ఆ చప్పుడు వారం రోజులు చెవుల్లోనే వుంది. ఆ బోట్లకు వుండేది రెండున్నర లీటర్ల ఆరు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజనని, నిమిషానికి 10,000 చుట్లదాకా తిరుగుతుందని తరవాత చదివి తెలుసుకున్నాను. ఆనాడే అనుకున్నాను, ఎప్పటికైనా ఒక బోటు ఇంజను కట్టాలని.

పందెం జరిగిన ఆ నీళ్లే బ్యారేజి దాటి, కాలువలు పట్టి, మా వూరికీ వస్తాయి. వస్తాయని కాగితం మీద వుంది. మాది శివారు ఆయకట్టు. మా దాకా వచ్చేసరికి నీరు కాలువ అడుగున పాకుతూ వుంటుంది. వంతు వచ్చిన రోజున ఆయిల్ ఇంజను పెట్టి తోడుకోవాలి. మా ఇంజను 5 హార్స్ పవర్‌ది, ఒకటే సిలిండరు. బోరు 80 మిల్లీమీటర్లు, స్ట్రోకు 110, నిమిషానికి 1,500 చుట్లు. మా వైపు బోరంటే భూమిలో వేసేదే! ఇక్కడ మాత్రం సిలిండరు లోపలి వెడల్పు. స్ట్రోకంటే పిస్టను పైనుంచి కిందికి నడిచే దూరం.

క్రితం దసరా సెలవులకు ఇంటికి వెళ్లాను. వరి చిరుపొట్ట మీద వుంది. మా వంతు తెల్లవారితో అయిపోతుంది, పైమడి ఇంకా తడవలేదు. నాన్న భోజనానికి ఇంటికెళ్లాడు. బి.యస్సీ. చదువుతున్నవాణ్ణి గదా, గవర్నరు స్క్రూ ఎక్కడుంటుందో నాకు తెలుసు. రెండు చుట్లు బిగించాను. ఇంజను గొంతు మారింది. పైపులో నీళ్లు లావుగా పడ్డాయి. పొగ నల్లగా వచ్చింది, నేను నీళ్లనే చూశాను. రెండు గంటలు గడిచాక లోపల టక్కు టక్కుమని కొట్టడం మొదలైంది. ఆపేలోపే పట్టేసింది.

మర్నాడు మెకానిక్ బాబాయి విప్పి చూశాడు. కనెక్టింగ్ రాడ్డు బేరింగు కరిగింది, క్రాంకు గీతలు పడింది. ఆయన నన్నొకటే అడిగాడు.

"అబ్బాయ్, నువ్వు మోటారు సైకిల్ని గంటసేపు ఫుల్లుగా తిప్పగలవా?"

"లేదు బాబాయ్. ఎక్కడో అక్కడ వదలాల్సిందే."

"అదీ. బండికి దిగుడు వుంటుంది, మలుపు వుంటుంది. నీళ్ల ఇంజనుకి దిగుడెక్కడుంది? రాత్రంతా గట్టెక్కుతూనే వుంటది."

క్రాంకు పట్నం పోయి గ్రైండింగు అయి వచ్చేసరికి ఆరు రోజులు. అద్దె ఇంజను దొరకలేదు. అమ్మ చీటీ డబ్బులు దానికే పోయాయి. పైమడి ఎకరం తాలు పోయింది. నాన్న ఒక్క మాట అనలేదు. అని వుంటే బాగుండేది.

హాస్టలుకు వచ్చి లెక్క వేశాను. నేను బిగించింది 1,500 నుంచి 1,650 అనుకుందాం. నీళ్లు పెరిగేది నూటికి పది. కాని పంపు కోరే శక్తి, వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే నూటికి 33 ఎక్కువ! పిస్టను పైకీ కిందికీ మళ్లేటప్పుడు రాడ్డును లాగే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అది 21 ఎక్కువ. పది అడిగి, ముప్పయి మూడు మోయమన్నాను. అది కూడా అప్పటికే అరిగిన బేరింగును.

అప్పుడు తట్టింది. బోటు ప్రొపెల్లరుకూ దాదాపు ఇదే ఘన నియమం. బోటుకీ దిగుడు లేదు. కారు రోడ్డుమీద తన శక్తిలో కొంతే వాడుకుంటుంది. బోటు నది పొడుగునా గట్టెక్కుతూనే వుంటుంది. అంటే నేను కలగన్న బోటు ఇంజనూ, నేను పాడుచేసిన నీళ్ల ఇంజనూ అన్నదమ్ములే.

ఇక కొలతల సంగతి. సరాసరి పిస్టను వేగం కావాలంటే స్ట్రోకును రెండింతలు చేసి సెకనుకు తిరిగే చుట్లతో గుణించాలి. మా ఇంజనుకు సెకనుకు 5.5 మీటర్లు. పందెపు ఇంజను స్ట్రోకు 67 మిల్లీమీటర్లే అయినా 10,000 చుట్ల దగ్గర 22 దాటుతుంది. ఆ పందెం ముప్పావు గంటలో ముగుస్తుంది. రోజంతా నడవవలసిన బోటుకు ఆ వేగం పనికిరాదు.

అమెరికాలో షెవర్లే వారి 7.4 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను ఎన్నో బోట్లకు పెట్టారు. దాని బోరు 108, స్ట్రోకు 101.6. నిమిషానికి 5,000 చుట్ల దగ్గర పిస్టను వేగం 17కు కొంచెం తక్కువ. ఇంకా శక్తి కావాలంటే ఏం చెయ్యాలి? చుట్లు పెంచితే నా గతే. స్ట్రోకు పెంచితే పిస్టను వేగం హద్దులో వుంచడానికి చుట్లు తగ్గించాలి. నిమిషానికి పీల్చే గాలి లెక్క అక్కడికక్కడే! మిగిలింది బోరు. తరవాత వచ్చిన 8.2 లీటర్ల ఇంజనులో స్ట్రోకును ముట్టుకోలేదు, బోరును 113.4 చేశారు. పిస్టన్ల వైశాల్యం నూటికి పది పెరిగింది. నేను స్క్రూ తిప్పి దొంగిలించాలనుకున్న పది శాతం, వాళ్లు పొలం విస్తీర్ణం పెంచినట్టు పెంచుకున్నారు.

దానికీ గట్టు వుంది. సిలిండరు మధ్యనుంచి సిలిండరు మధ్యకు దూరం 122.9 మిల్లీమీటర్లే. 113.4 బోరు పోగా మధ్యలో మిగిలేది 9.5. ఇంకా తొలిస్తే గోడలూ గాస్కెట్టూ వేడికి తట్టుకోవు. గట్టు చెక్కి చేను పెంచుకునేవాణ్ణి మా వూళ్లో ఏమంటారో మీకు తెలుసు.

అందుకని నా పేజీలో ఈ నాలుగే వున్నాయి. సిలిండర్లు 8. బోరు 113.4. స్ట్రోకు 101.6. చుట్లు 4,800, అంతకు మించకూడదు. థ్రాటిలు పూర్తిగా తెరిచినా అక్కడే ఆగేటట్టు ప్రొపెల్లరును ఎంచుకోవాలి.

సంక్రాంతికి ఇంటికెళ్తే ఎడ్ల కొమ్ములకు రంగు వేస్తున్నారు. మిగిలిన ఎర్రరంగుతో నాన్న గవర్నరు నట్టు మీద ఒక గీత గీశాడు. "ఇది దాటకురా" అన్నాడు, అంతే. హాస్టలుకు వచ్చాక 4,800 కింద నేనూ ఎర్రసిరాతో ఒక గీత గీసుకున్నాను.