రాజునకు జరిమానా

మన యిండ్లలో జిల్లా కలెక్టరు పేరు తెలియనివారుందురు గాని అమెరికా అధ్యక్షుని పేరు తెలియనివారు నేడు లేరు. 2025 జనవరి 20వ తేదీన ట్రంపు రెండవమారు పదవి స్వీకరించి, ఆ దినముననే యొక యుత్తర్వుపై సంతకము చేసెను. తాత్కాలిక వీసాలపై నున్న దంపతులకు ఆ దేశమున పుట్టబోవు బిడ్డలకు పుట్టుకచేత పౌరసత్వము రాదని దానిలోని యొక యంశము. పురుళ్లు పోయుటకై ప్రయాణము కట్టియున్న మన తల్లులెందరో కలతపడిరి. జనవరి 23వ తేదీన సియాటిల్ నగరమున నొక జిల్లా న్యాయమూర్తి ఆ యుత్తర్వును తాత్కాలికముగా నిలిపివేసెను. ఆయనను ఆ పదవిలో నియమించినవాడు రేగన్. అనగా ట్రంపు పక్షమువాడే.

అంతటి యధ్యక్షుని నొక జిల్లా జడ్జి యాపగలడా యని నా తరగతిలోని పిల్లలడిగిరి. ఒక్కని సంతకముతో నింత పని జరుగునా యని వారి తండ్రులడిగిరి. విచారించి చూడగా నీ రెండును ఒక్క ప్రశ్నయే.

మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున నొక విధి కలదు. ఏ తప్పునకు సామాన్యుడు ఒక కార్షాపణము చెల్లించునో, ఆ తప్పునకే రాజు వేయి చెల్లించవలెనట. ఆ స్మృతిలో మన సంస్కర్తలు ఖండించినవి, ఖండించదగినవి పెక్కు లున్నవి. ఈ విధి మాత్రము ఉదాత్తమైనదే. అయితే దానిని వసూలు చేయువాడెవడు? వ్యాఖ్యాతయైన కుల్లూకభట్టు, రాజు తన జరిమానా సొమ్మును నీటిలో విడువవలెను, లేదా బ్రాహ్మణుల కీయవలెనని వ్రాసినాడు. విధించువాడును చెల్లించువాడును ఒక్కడే! రాజు ధర్మాత్ముడైనచో చిక్కులేదు. కాకున్న నేటిలో పడినది నాణెమో గులకరాయో చూచువారెవరు?

1787లో ఫిలడెల్ఫియాలో కూర్చుండి అమెరికా రాజ్యాంగమును వ్రాసినవారు వసూలుదారును వేరుగా నుంచదలచిరి. మన రాష్ట్రపతి మంత్రివర్గము సలహాననుసరించి నడచుకొనును. అక్కడి మంత్రులు అధ్యక్షుని కింది యుద్యోగులు. సేనలకు ఆయనయే యధిపతి. కాంగ్రెసు చేసిన చట్టమును త్రిప్పిపంపగలడు. కాని చట్టము చేయుటయు, ఖజానా విప్పుటయు కాంగ్రెసు చేతిలోనివి. చట్టమునకు అర్థము చెప్పుట న్యాయస్థానము పని. కాగితముమీద నింతవరకు చక్కగానే యున్నది. ఇది పనిలో నెట్లు నడచినదో తెలుపుటకు 1952 నాటి యుక్కు వ్యవహారమునకు మించిన యుదాహరణము నాకు కనబడలేదు.

అప్పుడు కొరియా యుద్ధము జరుగుచుండెను. జీతముల తగాదాపై ఉక్కు పనివారు ఏప్రిల్ 9న సమ్మెకు సిద్ధపడిరి. ఉక్కు లేనిదే సేనకు ఆయుధములు లేవని, ముందునాటి రాత్రియే ట్రూమన్ అధ్యక్షుడు దేశములోని ముఖ్యమైన ఉక్కు కర్మాగారములను స్వాధీనము చేసికొమ్మని వాణిజ్యమంత్రికి ఉత్తర్విచ్చెను. సమ్మెను ఎనుబది దినములు నిలుపుటకు 1947 నాటి చట్టములో నొక మార్గము కలదు. ఆ చట్టమును ట్రూమనే లోగడ త్రిప్పిపంపగా, కాంగ్రెసు మూడింట రెండువంతుల మెజారిటీతో నెగ్గించుకొన్నది. ఆయన ఆ మార్గమును త్రొక్కలేదు. ధనికులైన యజమానులకన్న పనివారియెడ ఆయనకు సానుభూతి మెండు. అది తప్పని నేననజాలను. అయినను చట్టము లేని స్వాధీనము స్వాధీనమే.

జిల్లా కోర్టులో ప్రభుత్వ న్యాయవాది యొక వింత వాదము చేసెను. విపత్కాలమున అధ్యక్షుని కార్యనిర్వాహకాధికారమునకు రెండే హద్దులట: ఒకటి ఎన్నికలు, రెండవది అభిశంసన. న్యాయమూర్తి పైన్ దానిని త్రోసివైచెను. జూన్ 2న అత్యున్నత న్యాయస్థానము ఆరుగురు ఒకవైపు, మువ్వురు ఒకవైపుగా చీలి ఆయన తీర్పునే నిలిపెను. ఆ తొమ్మండ్రును రూజ్వెల్టు, ట్రూమనులు నియమించినవారే. ఆరుగురిలో నొకడగు క్లార్కు ట్రూమనునొద్దనే ప్రధాన న్యాయాధికారిగా పనిచేసి, అధ్యక్షునికి విపత్కాలాధికారములు మెండని లోగడ సలహా యిచ్చినవాడు. జాక్సను కూడ రూజ్వెల్టు కొలువులో నట్టి వాదమే చేసియుండెను. న్యాయవాదిగా తానన్న మాట న్యాయమూర్తిగా తన్ను కట్టదని యిప్పుడు నిర్భయముగా వ్రాసెను. ఉప్పు తిన్న యింటికి కీడెంచరాదను మన సామెత యిట్టిచోట పనికిరాదు.

ట్రూమన్ కోపగించుకొన్నాడు గాని కర్మాగారములను విడిచిపెట్టినాడు. సమ్మె ఏబది దినములకు పైగా సాగినది. సేనాధిపతి యొకవైపు, తొమ్మండ్రు వృద్ధులు వేరొకవైపు. వారి చేత నొక్క తుపాకియు లేదు. అయినను జరిమానా వసూలైనది.

ఎల్లప్పుడు నిట్లే జరుగునని మురియరాదు. 1942 ఫిబ్రవరి 19న రూజ్వెల్టు సంతకము చేసిన యుత్తర్వులో జపానీయుల పేరైనను లేదు. కొన్ని ప్రదేశములనుండి ఎవరినైనను తొలగించు నధికారమును సేనాధికారుల కిచ్చినది, అంతే. దాని బలమున పడమటి తీరమునుండి ఇంచుమించు 1,20,000 మంది జపాను సంతతివారిని ఇండ్లు విడిపించి, ముళ్లకంచెల శిబిరములలో నుంచిరి. వారిలో మూడింట రెండువంతులు అమెరికా పౌరులే. కాంగ్రెసు ఆ యుత్తర్వు నుల్లంఘించుటయే నేరమని చట్టము చేసి తోడ్పడినది. 1944 డిసెంబరులో అత్యున్నత న్యాయస్థానము ఆరుగురి మాటపై ఆ తొలగింపును సమర్థించినది. తీర్పు వ్రాసినవాడు హ్యూగో బ్లాకు. ఎనిమిదేండ్ల తరువాత ఉక్కు కర్మాగారముల తీర్పును వ్రాసినదియు ఆయనయే! యజమానుల కొలుములకు దొరికిన రక్ష చాకలి దుకాణము పెట్టుకొని బ్రతుకు జపాను సంసారికి దొరకలేదు. భిన్నాభిప్రాయము వ్రాసిన మువ్వురిలో జాక్సనొకడు. అందుచేత నాకాయనపై గౌరవము హెచ్చినది.

ఆ జరిమానా 1988లో గాని చెల్లలేదు. కాంగ్రెసు చట్టము చేసి క్షమాపణ చెప్పి, అప్పటికి జీవించియున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లిచ్చెను. రూజ్వెల్టు 1945లోనే గతించెను. చెల్లించినవారు ఆయన తరువాతి తరముల ప్రజలు.

ఇక ట్రూమను న్యాయవాది చెప్పిన రెండవ హద్దు. 1868లో జాన్సనును, 1998లో క్లింటనును, 2019లోను 2021లోను ట్రంపును ప్రతినిధుల సభ అభిశంసించినది. సెనేటులో మూడింట రెండువంతులు ఒక్కమారును కుదరలేదు; జాన్సను ఒక్క వోటుతో బయటపడెను. నిక్సన్ సంగతి వేరు. 1974 జూలై 24న న్యాయస్థానము ఏకగ్రీవముగా సంభాషణల టేపులను అప్పగింపుమనగా అప్పగించి, ఆగస్టు 9న పదవినుండి తొలగెను.

2024 జూలై 1న అదే న్యాయస్థానము మరియొక తీర్పు చెప్పినది. రాజ్యాంగము అధ్యక్షునికే ప్రత్యేకించిన యధికారములతో చేసిన పనులకు పదవి విడిచిన పిదపను ఆయనను శిక్షాస్మృతి క్రింద విచారింపరాదట. తక్కిన యధికారిక కార్యములకును రక్ష కలదనియే మొదట నెంచవలెనట. దీనిని చదువునపుడు కుల్లూకభట్టు నాకు జ్ఞప్తికి వచ్చినాడు. ఈమారు జరిమానాను నీటిలో విడువుమన్నది వసూలుదారే. మువ్వురు న్యాయమూర్తులు సమ్మతింపలేదు.