సబ్బు నాటకము

ఆంగ్లభాషలో ‘సోప్ ఒపేరా’ యను మాట కలదు. సోప్ అనగా సబ్బు. ఒపేరా అనగా ఆద్యంతము పాటలతో నడచు నాటకము. సబ్బునకును నాటకమునకును చుట్టరిక మెట్లు కలిగెను? ఏ పదమునకైనను పుట్టుక వెదకుట నాకు చిరకాలపు టలవాటు.

ఈ మాట పుట్టినిల్లు అమెరికా. 1930లో చికాగో నగరమున ఇర్నా ఫిలిప్స్ అను నామె ‘పెయింటెడ్ డ్రీమ్స్’ అను కథను రేడియో కొరకు రచించెను. అంతకుముందు ఆమె ఉపాధ్యాయిని. అట్టి కథలు పగటివేళ పావుగంటసేపు వినవచ్చెడివి. ఒక కుటుంబపు కష్టసుఖములు చెప్పుచు, మంచి పట్టున నిలిపి, తక్కినది మరునాటికి దాచెడివారు. వినువారిలో పెక్కురు ఇంటిపనులలో మునిగియుండు గృహిణులు. సబ్బు కొనువారును వారే! వర్తకులు ఈ సూక్ష్మమును గ్రహించిరి. 1933లో ఆరంభమైన ‘మా పెర్కిన్స్’, అనగా పెర్కిన్సమ్మ కథకు, ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ తన ‘ఆక్సిడాల్’ సబ్బుపొడి ప్రచారమునకై వ్యయమును భరించెను. తక్కిన సబ్బుల వర్తకులును ఈ మార్గమునే త్రొక్కిరి. ఆ దశాబ్ది ముగియులోపల పత్రికలవారు ఈ కథలకు పరిహాసముగా ‘సబ్బు ఒపేరా’ యని పేరిడిరి.

ఆ పరిహాసములో గృహిణుల యెడ గల చులకన నాకు రుచింపదు. ఒంటరిగా శ్రమించు స్త్రీకి ఆ పావుగంట యొక తోడు. ఫిలిప్స్ రూపొందించిన ‘గైడింగ్ లైట్’ 1937లో రేడియోలో మొదలై, 1952లో టెలివిజనునకు చేరి, 2009 వరకు సాగినది. వినువారి హృదయమును తాకని కథ 72 సంవత్సరములు నిలుచునా?

అయినను ఆ పేరులో ఒక సత్యము కలదు. మనము ‘ధారావాహిక’ యందుము. ధారవలె ప్రవహించునది యని అర్థము. సొగసైన మాటయే, కాని ఆ ధారకు నీరు పోయువా రెవ్వరో అది చెప్పదు. ఆంగ్లపు మాట చెప్పుచున్నది.

మా యింట రాత్రి భోజనమైన పిమ్మట అందరమును ధారావాహిక చూతుము. కథానాయిక దుఃఖమునకు నా భార్య కంట నీరు పెట్టును. ఆ కన్నీరు నిజమైనది. నడుమ వచ్చు ప్రకటనయు ఊరక పోదు. మొన్న అంగడిలో ఆమె యడిగిన సబ్బును, నే నడిగిన పండ్లపొడియు ఆ ప్రకటనలలోనివే!

బాలలారా! కథలు చూడుడు, ఆనందింపుడు. కాని వెల లేక లభించు కథకు వెల యెవరు చెల్లించుచున్నారో, ఏల చెల్లించుచున్నారో ఒక్కమారు విచారింపుడు. అటుపై అంగడికి పొండు.