పగిడిద్దరాజు నడిచే దారి

సమ్మక్క జాతర జరిగే మేడారానికి చాలా దారులున్నాయి. ఏటూరునాగారం వైపు నుంచి, భూపాలపల్లి వైపు నుంచి, గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి జనం వస్తారు. మేం హనుమకొండ రోడ్డు వాళ్లం. అయితే దేవుళ్లు నడిచివచ్చే దారుల్లో అన్నిటికన్నా పొడుగైనది పూనుగొండ్లది. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలోని ఆ కోయ ఊరి నుంచి పెనక వంశీయులు పగిడిద్దరాజును పెళ్లికొడుకుగా ముస్తాబు చేసి, పడిగె ఎత్తుకుని, డోలు చప్పుళ్లతో అడవిలోకి సాగుతారు. అరవై కిలోమీటర్లకు పైగా నడక. దారిలో గోవిందరావుపేట మండలం లక్ష్మీపురంలో ఒక రాత్రి విడిది. మరునాడు మేడారం గద్దె. ఎన్ని రోడ్లు పడినా, ఎన్ని బస్సులు తిరిగినా సమ్మక్క పెనిమిటి నడిచే వస్తాడు.

హనుమకొండ నుంచి మా వైపు దారిలో ఎక్కువ చెప్పవలసిందేమీ లేదు. ఆత్మకూరు, వానాకాలంలో మత్తడి దుంకి రోడ్డును ముంచే కటాక్షపురం చెరువు, మల్లంపల్లి, జాకారం గంటసేపట్లో వెనకబడిపోతాయి. ములుగు పొలిమేరలో గట్టమ్మ దగ్గర మాత్రం ఏ బండైనా ఆగుతుంది. ఆ తల్లికి మొక్కి, కొబ్బరికాయ కొట్టి, సెలవడిగి ముందుకు పోవాలి. అక్కడి నుంచే మా నాయినమ్మ గొంతు మారేది. అప్పటిదాకా ఇంటి ముచ్చట్లు చెప్పే మనిషి, గట్టమ్మ దాటాక తల్లి పేరు తప్ప మరో మాట ఎత్తేది కాదు.

మా ఊరు ములుగుకు దగ్గర్లోనే. నా చిన్నతనంలో జాతరంటే ఎడ్లబండి. పండుగకు వారం ముందునుంచే కచ్చురానికి కొత్త బొంగులు కట్టి, తడకలు కప్పి, కింద గడ్డి పరిచేవాళ్లు. బియ్యం, ఉప్పుచేప, చింతపండు, ఒక యాట, రెండు కోళ్లు, బుట్టలో బంగారం. బంగారం అంటే బెల్లం. మేడారంలో దానికి వేరే పేరు లేదు. మొక్కుకున్న మనిషిని తక్కెడలో కూర్చోబెట్టి, ఎత్తుకు ఎత్తు తూచి తల్లికి ఇస్తారు. నాకు ఆరేళ్లప్పుడు పెద్ద జరమొస్తే మా నాయినమ్మ నిలువెత్తు బంగారం మొక్కింది. ఆ తక్కెడ ఊగడం, అవతలి పళ్లెంలో బెల్లం దిమ్మలు ఒక్కొక్కటీ పడుతుంటే నేను పైకి లేవడం ఇప్పటికీ కడుపులో తెలుస్తుంది.

పస్రా దాటి నార్లాపూర్ వైపు తిరిగితే పిల్లలం బండి దిగి నడవాలి. అది మా ఇంటి కట్టడి. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప చెట్లు రెండు వైపులా. మాఘమాసంలో మోదుగు అప్పుడప్పుడే ఎర్రబడుతుంది. కాళ్లు నొస్తున్నాయని మారాం చేస్తే నాయినమ్మ ఒకటే మాట అనేది: "నడువు బిడ్డా, తల్లి సూత్తాంది." ముందు బండిలో ఎవరికో శిగమొచ్చేది. జుట్టు విరబోసుకుని ఆ తల్లి ఊగుతుంటే, తెలిసినా తెలియకపోయినా అందరూ ఆమె కాళ్ల మీద నీళ్లు పోసేవాళ్లు. కులమేదని ఎవరూ అడగలేదు. రాత్రి అడవిలోనే విడిది. మూడు రాళ్ల పొయ్యి, చుట్టూ వందల పొయ్యిలు.

జంపన్న వాగు చేరాక ఇసుకలో చెలిమె తోడేవాళ్లం. మొదట బురదనీళ్లు, రెండు ముంతలు తోడి పారబోస్తే అద్దంలాంటి నీళ్లు. అవే తాగేవాళ్లం, వాటితోనే వండేవాళ్లం. ఒకప్పుడది సంపెంగ వాగు. కరువులో కప్పం కట్టలేమన్న మేడారం మీదికి కాకతీయ ప్రతాపరుద్రుడి సేన వచ్చిందని, పోరులో ఓడిన సమ్మక్క కొడుకు జంపన్న అందులో దూకి ప్రాణం విడిచాడని, ఆ నెత్తుటితో వాగు పేరు మారిందని కథ. కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు, పగిడిద్దరాజు అందరూ ఆ పోరులోనే నేలకొరిగారు. వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడిచి మాయమైంది. వెతకబోయిన వాళ్లకు నెమలినార చెట్టు కింద కుంకుమభరిణె దొరికింది. ఈనాటికీ ఆమె గద్దెకు వచ్చేది ఆ భరిణె రూపంలోనే. గుడి లేదు, విగ్రహం లేదు. రెండేళ్లకోసారి నాలుగు రోజులు వచ్చి, మళ్లీ వనంలోకి వెళ్లిపోయే తల్లి ఆమె.

ఇప్పుడు ఆ వాగులో చెలిమె తోడి నీళ్లు తాగమంటే నేను తాగను. జాతరకు కోటి మందికి పైగా వస్తారని అధికారుల లెక్క. స్నానాల కోసం లక్నవరం చెరువు నీళ్లు వాగులోకి వదులుతారు. లక్నవరం కాకతీయుల కాలం నాటి చెరువు. కప్పం అడిగిన రాజుల నీళ్లే వాగుకు చేరుతున్నాయన్న తలపు నన్నెప్పుడూ కదిలిస్తుంది. ఆ నీళ్లలోకి మనం ఏం వేస్తున్నాం? విప్పిన బట్టలు, షాంపూ పొట్లాలు, కోళ్ల ఈకలు. జాతర ముగిశాక ఊరట్టం, కన్నెపల్లి, నార్లాపూర్ పొలాలు చూసినవాళ్లకే నా కోపం అర్థమవుతుంది. ఆ పొలాలు ఎక్కువగా కోయ రైతులవి. బండ్లు నిలిపేందుకు, జనం దిగేందుకు వాటిని ఇచ్చి యాసంగి పంట వదులుకుంటారు. తరువాత నాగలి పట్టినవాళ్ల కాళ్లలో దిగేవి సారా సీసాల పెంకులు. తల్లిని అడిగి బిడ్డను కన్నాం, ఇల్లు కట్టాం, కొలువు తెచ్చుకున్నాం. ఆమె బిడ్డల చేలో పెంకులు పోసి వచ్చాం. ఇది పాపం. నాకు వేరే మాట లేదు.

అడవి కూడా మునుపటిది కాదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య సుడిగాలికి ఒక్క సాయంత్రంలో 50 వేలకు పైగా చెట్లు కూలాయి. అది గాలి చేసిన పని. కానీ ప్రతి జాతరకూ పొయ్యిల్లోకి, గుడిసెల గుంజల్లోకి, రోడ్డు వెడల్పులోకి పోయిన చెట్లకు గాలిని అనలేం.

నడకదారిని కాపాడుకున్నవాళ్లూ ఉన్నారు. జపాన్‌లో కుమానో కోదో అని వెయ్యేళ్లకు పైబడిన కాలిబాట ఉంది. కియీ కొండల్లోని మూడు పుణ్యస్థలాలకు ఒకప్పుడు క్యోటో నుంచి సింహాసనం వదిలిన చక్రవర్తులు సైతం నడిచి వెళ్లేవారు. దారి పొడుగునా మన గట్టమ్మ వంటి చిన్న చిన్న దేవతల గుళ్లు. అక్కడక్కడ ఆగి, ఏటిలో మునిగి, మొక్కి, మళ్లీ నడక. ఆ మూడింటిలో ఒకటైన హోంగు గుడి ఏటి నడుమ ఇసుకమేట మీద ఉండేది. 1889 వరదకు కొట్టుకుపోతే మిగిలినదాన్ని మెరకకు తెచ్చి కట్టుకున్నారు. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది గుళ్లు మాత్రమే కాదు, వాటిని కలిపే నడకదారులు కూడా. దారి కూడా గుడేనని వాళ్లు ఒప్పించారు.

మనకు ములుగు జిల్లాలోనే రామప్ప ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి 2021లో అదే గుర్తింపు వచ్చింది. నాకు గర్వమే. కానీ రాయికి దొరికిన ఆదరం అడుగుకు దొరకలేదు. 1996లో మేడారం రాష్ట్ర పండుగ అయింది. నిధులొచ్చాయి, రోడ్లు పడ్డాయి, గద్దెల చుట్టూ కట్టడాలు లేచాయి. పూనుగొండ్ల నుంచి లక్ష్మీపురం మీదుగా మేడారం చేరే కాలిబాట సంగతి ఎవరికి పట్టింది?

ఒక జాతరకు నేను పగిడిద్దరాజు వెనక కొంత దూరం నడిచాను. మోసేవాళ్లు ఎండుటాకుల మీద కూడా చెప్పులు లేకుండా నడుస్తున్నారు. వాగు అడ్డమొస్తే వాగులో దిగి, గుట్ట అడ్డమొస్తే గుట్ట ఎక్కి పోయారు. దారి చెప్పే రాయి గాని బోర్డు గాని నాకు కనిపించలేదు. ముసలాయన ముందు, కుర్రవాళ్లు వెనక. ఆయన అడుగే గుర్తు. మోకాళ్లు సహకరించక సగంలో ఆగిపోయాను. డోలు చప్పుడు చెట్ల మధ్య నుంచి చాలాసేపు వినబడింది.

ప్రభుత్వాన్ని అడిగేది ఒక్కటే. పెనక వాళ్లను, మేడారం కోయ పూజారులను కూర్చోబెట్టుకుని, వాళ్లు చెప్పినట్టు ఆ బాటను హద్దులతో సహా రికార్డులకెక్కించండి. దాని మీద తారు పోయకండి. దాని పక్క చెట్టు కొట్టనీయకండి. ఇక జాతరకు పోయేవాళ్లకు: 2028లో మళ్లీ పోతాం కదా, కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు తాడ్వాయిలో బండి దిగండి. అక్కడి నుంచి మేడారం 14 కిలోమీటర్లు. నడవండి. తెచ్చుకున్న సీసా, సంచి తిరిగి మీ ఇంటికే తీసుకుపోండి.